ఓడిపోవడానికి ఇచ్చిన స్కాలర్‌షిప్పు

"పిన్నిగారూ, ఈ పూట గెలవమంటారా, ఓడమంటారా?" అని అడిగాడు ఆ అబ్బాయి, వంటింటి గుమ్మంలో నిలబడి.

"ఈ పూట నీ ఇష్టం నాయనా" అన్నాను.

అతనికీ నాకూ మధ్య ఆఖరి మాటలు అవే. ఆ పూట దాటాక అతను నాకు కనపడలేదు. అతని గురించి వినడం మాత్రం చాలాకాలం విన్నాను.

ఇదేదో జూదం సంగతి అనుకునేరు. కాలేజీ చదువు సంగతి. నేను ఏలూరులో ఒక పెద్దమనిషి ఇంట్లో వంట చేసేదాన్ని. నాకు చదువు లేదు. సంతకం పెట్టగలను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవగలను, అంతే. ఇది చెప్పేది నేను, రాసేది మా మేనకోడలు. తను కాలేజీలో పాఠాలు చెబుతుంది కనక నా మాటలు అక్కడక్కడ సర్దుతోంది. సర్దనీ. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు చదువుతారని చెప్పింది కాబట్టి ఒప్పుకున్నాను. పిల్లలూ, మిమ్మల్ని ఒక పనికని పెట్టుకుంటారు, మీ చేత ఇంకో పని చేయిస్తారు. నన్ను వంటకని పెట్టుకున్నారు. రెండేళ్ళపాటు చదరంగంలో ఎవరు గెలవాలో నేను తేల్చాను. ఆ ఆట మాత్రం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

మా ఆయన పోయాక అత్తిలి దగ్గర అత్తవారి ఊళ్ళో నాకు కంచం పెట్టేవాళ్ళున్నారు గానీ పీట వేసేవాళ్ళు లేరు. అందుకని ఏలూరు వచ్చాను. నేను చేరిన ఇంటాయనకు తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు, ఏలూరులో మేడ. భార్య పోయింది, కూతుళ్ళు అత్తారిళ్ళలో ఉన్నారు. పొద్దున రైల్లో గూడెం వెళ్ళి మధ్యాహ్నం దాటాక తిరిగివచ్చేవారు. వచ్చాక ఆయనకు చదరంగం తప్ప లోకం లేదు. ఊళ్ళో ఆడేవాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకుని ఆయన్ని ప్రెసిడెంటును చేశారు. సంఘానికి గది ఆయనది, దీపం ఆయనది, కాఫీ ఆయనది. ఇంకెవరవుతారు ప్రెసిడెంటు? మేమందరం ఆయన్ని ప్రెసిడెంటుగారనే పిలిచేవాళ్ళం.

ఒకసారి సంఘం మీటింగులో ఆయన లేచి, తెలివైన పిల్లలు డబ్బు లేక చదువు మానేస్తున్నారని, చదరంగంలో గెలిచిన కుర్రాణ్ణి తన ఇంట్లోనే ఉంచుకుని కాలేజీ చదివిస్తానని చెప్పారు. చప్పట్లు కొట్టారు. ఆ ప్రసంగం రాసిచ్చింది ఆయన గుమాస్తాగారు. సన్నటి మనిషి, పెద్ద భయస్థుడు. గొడుగు లేకుండా వీధిలోకి వచ్చేవాడు కాదు, ఎండ ఉన్నా లేకపోయినా.

పోటీ పెట్టారు. ఏలూరు ప్లీడరుగారి అబ్బాయికే వస్తుందని అందరూ అనుకున్నారు. వచ్చింది కొల్లేటికోట కుర్రాడికి. చేపలు పట్టేవాళ్ళ ఇంటివాడు. కొల్లేట్లో వలవేసి ఎదురుచూసే వేళ, వాళ్ళ తాత దోనెలో పలక మీద బొగ్గుతో గళ్ళు గీసి, నత్తగుల్లలు పావులుగా పెట్టి ఆట నేర్పాడట. ఏలూరులో చేపలమ్మే మేనమామ ఇంట్లో ఉండి హైస్కూలు పూర్తిచేశాడు. పోటీలో ఒక్కొక్కరినీ వరసగా కూర్చోబెట్టి, ఎవరినీ నొప్పించకుండా లేపేశాడు.

ప్లీడరుగారికి కోపం వచ్చింది. "మావాడు ఇంగ్లీషు పద్ధతిలో నేర్చుకున్నాడండి. బంటు మొదటిసారి రెండు గళ్ళు నడవాలి. మీరు ఒకటే నడవనిచ్చారు" అన్నారు.

"ఏలూరులో బంటు ఒక గడే నడుస్తుందండి. రెండు నడవాలంటే మద్రాసు వెళ్ళమనండి" అన్నారు ప్రెసిడెంటుగారు.

అలా కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. కాలేజీలో ఇంటరులో చేర్పించారు. ఫీజు, పుస్తకాలు, భోజనం, వెనక వైపు గది. బదులుగా సాయంత్రం ప్రాక్టీసు. ప్రాక్టీసు అంటే ప్రెసిడెంటుగారితో ఆడటం.

వచ్చిన కొత్తలో అతను రోజూ గెలిచాడు. గెలిచి, లేచి, దణ్ణం పెట్టి, వంటింట్లోకి వచ్చి అన్నం తినేవాడు. అక్కడ హాల్లో ప్రెసిడెంటుగారు కంచం ముందు కూర్చుని చారులో ఉప్పు లేదనేవారు. ఉప్పు వేస్తే ఎక్కువైందనేవారు. నెల తిరిగేలోగా గుమాస్తాగారు గొడుగు చంకలో పెట్టుకుని వంటింటికి వచ్చాడు.

"అక్కగారూ, ఆ కుర్రాడికి మీరైనా చెప్పండి. రోజూ ఇలా గెలిస్తే మనం ఈ ఇంట్లో బతకలేమండి. ఇవాళ మిల్లులో నా మీదకు కలం విసిరారు."

"ఆయనకు ఆట రాకపోతే కుర్రాడేం చేస్తాడండీ?"

"ఆట వచ్చండి. ఆయనకు బాగానే వచ్చు. ఈ కుర్రాడికే మరీ ఎక్కువ వచ్చు. రెండో టరము ఫీజు అడిగితే చూద్దాం అన్నారు. ఆయన చూద్దాం అంటే ఏమవుతుందో మీకు తెలుసు."

తెలుసు. వంటింటికి కొత్త పెనం అడిగినప్పుడు కూడా చూద్దామనే అన్నారు, నేను వచ్చిన ఏడు.

ఆ సాయంత్రం కుర్రాణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. "అప్పుడప్పుడు ఓడిపో నాయనా."

"మా తాత అది నేర్పలేదండి" అన్నాడు.

"నేర్చుకో. కాలేజీకి వచ్చింది నేర్చుకోడానికే కదా."

నేర్చుకున్నాడు. గెలవడం కంటే అదే కష్టమని చెప్పేవాడు. ఊరికే ఓడితే పెద్దాయనకు తెలిసిపోతుంది. ఆయనకు చెమట పట్టాలి, ఓడిపోతానేమో అనిపించాలి, చివర్లో తనకే ఏదో తట్టి గెలిచినట్టుండాలి. ఇంత పని. ఆ పనిలో పడి వారం పది రోజులు వరసగా ఓడాడు. ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. చారు బాగుందన్నారు. ఫీజు కట్టారు.

ఆ తర్వాత ఒకరోజు ప్రెసిడెంటుగారు గుమాస్తాగారిని పిలిచి, "వీడి ఆట పాడైపోయిందయ్యా. ఎందుకంటావు?" అన్నారు. గుమాస్తాగారు గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. ఆయనే జవాబు చెప్పుకున్నారు. "ఎప్పుడు చూసినా ఆ పుస్తకాలు. పుస్తకాలు ఎక్కువై బుర్ర మొద్దుబారుతోంది. దీపం పెట్టాక పుస్తకం ముట్టొద్దని చెప్పు. ఆట లేనివాడికి నేను చదువెందుకు చెప్పించాలి?"

ఆ మాట మా మేనకోడలు రెండుసార్లు చెప్పించుకుంది. నేనేం చేయను, ఆయన అన్నది అంతే. చదువుకోమని స్కాలర్‌షిప్పు ఇచ్చి, స్కాలర్‌షిప్పు నిలబడాలంటే చదవకూడదన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. తను మంచి పని చేస్తున్నానని నమ్మిన మనిషికి ఎదురు చెప్పడం చెడ్డవాడికి చెప్పడం కంటే కష్టం.

పుస్తకాలు వంటింట్లోకి వచ్చాయి. పప్పు డబ్బాల వెనక కెమిస్ట్రీ, పచ్చళ్ళ జాడీల పక్కన లెక్కలు. తెల్లవారుజామున నేను పొయ్యి వెలిగించే వేళకు వచ్చి, ఆ వెలుగులో చదివేవాడు. నాకు అర్థంకాని ముక్కలు పైకి చదువుతుంటే నేను కాఫీ డికాక్షను దించేదాన్ని.

ఇక గెలుపోటముల లెక్క మిగిలింది. రోజూ గెలిస్తే ఫీజు పోతుంది, రోజూ ఓడితే పుస్తకాలు పోతాయి. ఏ రోజు ఏది చేయాలో అతనికి ఎలా తెలుస్తుంది? హాల్లోకి వెళ్ళేదాకా ప్రెసిడెంటుగారి మొహమే చూడడు. నేను చూస్తాను. గూడెం నుంచి రాగానే ఆయన కాఫీ తాగేది నా చేతి మీదే. గ్లాసు ఖాళీ చేసి ఇంకొంచెం ఉందా అంటే మిల్లు బాగున్నట్టు, ఆ పూట ఓడినా తట్టుకుంటారు. సగం తాగి వదిలేస్తే ఆ పూట ఆయనే గెలవాలి. అలా మొదలైంది. కుర్రాడు సాయంత్రం గుమ్మంలో నిలబడి అడిగేవాడు, నేను చెప్పేదాన్ని, వెళ్ళి అలాగే ఆడి వచ్చేవాడు.

పొరపాట్లు నేనూ చేశాను. ఒకరోజు ఆయన కాఫీ రెండుసార్లు అడిగి తాగారు. సంతోషంగా ఉన్నారనుకుని, గెలువు నాయనా అన్నాను. ఆయన సంతోషం ఎందుకంటే ఆట చూడటానికి బావమరిదిని పిలిచారు. బావమరిది ముందు ఓడిపోయారు. మర్నాడు గుమాస్తాగారి మీదకు కలం బదులు సిరాబుడ్డి వచ్చింది. చొక్కా చూపించి, "అక్కగారూ, కాఫీ ఒక్కటే చూస్తే చాలదండి. చుట్టాలెవరైనా వచ్చారేమో అదీ చూడండి" అన్నాడు పాపం. నేను నవ్వితే ఆయన కూడా నవ్వాడు. ఆ చొక్కా నేనే ఉతికిపెట్టాను గానీ మరక పోలేదు.

ఇక్కడ ఆటలో ఒక మర్యాద చెప్పాలి. గుమాస్తాగారు చెబితే తెలిసింది. బంటు అంటే ముందు వరసలో ఉండే చిన్న పావు, అన్నిటికంటే తక్కువది. మంత్రితోనో ఏనుగుతోనో రాజును కట్టడం మామూలు గెలుపు. బంటుతో ఆట కట్టిస్తే మాత్రం అవతలివాడికి పెద్ద తలవంపు. మా ఏలూరు సంఘంలో అలా ఓడినవాడు ఆ రోజుకు మళ్ళీ పలక ముట్టడు. లేచి కాళ్ళు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోవాల్సిందే. మామూలుగా ఓడితే ఇంకో ఆట అడగవచ్చు. ప్రెసిడెంటుగారు ఎప్పుడూ అడిగేవారు. గెలిచినా అడిగేవారు, ఓడినా అడిగేవారు.

రెండో ఏడు వేసవి మొదట్లో యూనివర్సిటీ పరీక్షలు వచ్చాయి. అవి పాసైతేనే ఇంటరు పూర్తయినట్టు. చివరి పరీక్ష కెమిస్ట్రీ, మధ్యాహ్నం రెండింటికి. సరిగ్గా ఆ రోజే మద్రాసు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. చదరంగంలో పేరున్న మనిషట. ప్రెసిడెంటుగారి స్కాలర్‌షిప్పు గురించి ఎవరో చెబితే చూసి పోదామని దిగారు. పన్నెండింటికి భోజనాలయ్యాయి. పనసపొట్టు కూర చేశాను. కుర్రాడు పెన్ను జేబులో పెట్టుకుని వెనక గుమ్మం వైపు వస్తుంటే హాల్లోంచి కేక వినిపించింది.

"ఒరే అబ్బాయ్, రా. అయ్యగారు నీ ఆట చూస్తారు."

"పరీక్ష ఉందండి" అన్నాడు.

"పరీక్ష ఇప్పుడు పోతే సెప్టెంబరులో మళ్ళీ పెడతారు. అయ్యగారు మళ్ళీ ఎప్పుడొస్తారో ఎవరికి తెలుసు. కూర్చో, రెండాటలు ఆడి వెళ్దువుగాని."

ఆ రెండాటలు ఎలా ఉంటాయో ఇంట్లో అందరికీ తెలుసు. మొదటిది దీపాలవేళకు అవుతుంది. సెప్టెంబరు దాకా ఆగితే ఆ ఏడు బి.ఏ.లో చేరడం పోతుంది. ఇంకో ఏడు ఆ గదిలో ఉండి, రోజూ సాయంత్రం ఇదే పని. గుమాస్తాగారు నా వైపు చూశాడు. నేను గరిటె వైపు చూశాను.

కుర్రాడు మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చాడు. అప్పుడడిగాడు, మొదట్లో చెప్పిన మాట. నేను ఏం చెప్పగలను? గెలిస్తే మద్రాసాయన ముందు ప్రెసిడెంటుగారి పరువు పోతుంది. ఓడితే ఇంతోటి కుర్రాడికా డబ్బు పోస్తున్నారని మద్రాసాయన అంటారు, అప్పుడూ ఆయన పరువే పోతుంది. ఎటు పోయినా స్కాలర్‌షిప్పు పోతుంది. కాఫీ గ్లాసు చూసి చెప్పే రోజు కాదది. అందుకే నీ ఇష్టం అన్నాను. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు.

తర్వాత జరిగింది తలుపు చాటునుంచి చూశాను. ఆట రాదు కనక వాళ్ళ మొహాలు చూశాను. ప్రెసిడెంటుగారు రాత్రిపూట సినిమాకు ముస్తాబైనవాళ్ళలా కూర్చున్నారు. కుర్రాడు రోజూ ఆలోచించినట్టు ఆలోచించలేదు. ఆయన చెయ్యి తీసేలోగా ఇతని పావు కదిలేది. వక్క నమిలినంతసేపు కాలేదు, మద్రాసాయన కుర్చీలో ముందుకు వంగారు. గుమాస్తాగారి గొడుగు కింద పడింది. కుర్రాడు ఒక చిన్న పావును ఒక గడి ముందుకు జరిపి, లేచి నిలబడి దణ్ణం పెట్టాడు.

బంటుతో కట్టించాడు.

అవమానించాలని కాదు. నేనా మాట ఎవరితోనైనా అంటాను. ఇంకెలా గెలిచినా, ఎలా ఓడినా, ఇంకో ఆట అంటారు. ఆ ఇంట్లోంచి పరీక్షకు వెళ్ళడానికి ఉన్న దారి అదొక్కటే. ప్రెసిడెంటుగారు కాసేపు పలక చూసి, మర్యాద తెలిసిన మనిషి గనక, లేచి కాళ్ళు కడుక్కోడానికి పెరట్లోకి వచ్చారు. ఆయన నీళ్ళు పోసుకుంటున్న వేళకు కుర్రాడు వీధి మలుపు తిరిగాడు. పరిగెత్తుతూ వెళ్ళాడని కిళ్ళీకొట్టతను చెప్పాడు.

గదికి తిరిగిరాలేదు. స్కాలర్‌షిప్పు పోయినట్టే అనుకుని మేనమామ ఇంటికీ, అక్కణ్ణుంచి కొల్లేటికోటకీ వెళ్ళిపోయాడు. నాకు చెప్పకుండా వెళ్ళాడని కొంచెం కష్టంగానే ఉండింది. వస్తే ఆపుతారని భయపడి ఉంటాడు. పుస్తకాలు పప్పు డబ్బాల వెనకే ఉండిపోయాయి.

తమాషా ఏమిటంటే స్కాలర్‌షిప్పు పోలేదు. మద్రాసాయనకు ముచ్చటేసింది. "ఇంతటివాణ్ణి పట్టుకున్నారు, మీరు సామాన్యులు కారండి. రోజూ మీరిద్దరూ ఆడతారటగా, ఎవరు గెలుస్తుంటారు?" అని అడిగారు.

"చెరిసగం" అన్నారు ప్రెసిడెంటుగారు.

"ఇలాంటివాడి మీద సగం ఆటలు గెలుస్తున్నారా?" అని ఆయన మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. పొద్దున రైలుకు వెళ్ళిపోయారు.

ఆ మెచ్చుకోలే కొంప ముంచింది. ఆయన్ని రైలెక్కించి వచ్చినప్పటినుంచి ప్రెసిడెంటుగారు అన్నం సరిగా తినలేదు. ఇంతటివాడి మీద నేను సగం ఎలా గెలిచాను అని ఒకటే ఆలోచన. గుమాస్తాగారిని నిలదీశారు. గుమాస్తాగారు భయస్థుడే గానీ ఆ రోజు నా పేరు చెప్పలేదు. "అది ఆ కుర్రాడికే తెలియాలండి" అన్నాడు. ఆ రుణం నాకు ఇప్పటికీ గుర్తుంది.

పరీక్ష పాసైన సంగతి పేపర్లో వచ్చింది. వెంటనే గుమాస్తాగారిని కొల్లేటికోట పంపారు. పడవలో వెళ్ళి, తడిసిన పంచెతో తిరిగివచ్చాడు.

"ఏమన్నాడయ్యా?"

"చదువుకుంటానన్నాడండి. బి.ఏ. చదివిస్తే, పాసైన రోజున వచ్చి తమరు గెలిచినవాటిలో ఏవి నిజంగా తమవో చెబుతానన్నాడండి. ఇప్పుడు మాత్రం చెప్పనన్నాడండి."

"ఇంకేమన్నాడు?"

గుమాస్తాగారు పంచె కొస పిండుకున్నాడు. "ఏలూరు కాలేజీ వద్దన్నాడండి. సాయంత్రానికి తిరిగి రాలేనంత దూరంలో ఉండాలన్నాడు. కాకినాడ అయితే బాగుంటుందన్నాడండి."

ఆయన అరుస్తారనుకుని నేను పొయ్యి దగ్గరకు జరిగాను. అరవలేదు. చూద్దాం అని కూడా అనలేదు. మర్నాడే గుమాస్తాగారిని కాకినాడ పంపి ఫీజు కట్టించారు. చదువుకోసం చూద్దామన్న మనిషి, తన గెలుపు సంగతి తెలుసుకోడానికి ఆలస్యం చేయలేదు. ఆ కుర్రాడు పలక లేకుండా ఆడిన ఆట అది. అతను పుస్తకాల ముందు కూర్చున్నాడు, ఈయన ఇక్కడ ఎదురుచూశారు. మధ్యలో సంఘంలో ఎవరితో గెలిచినా ఆయనకు సంతోషం లేదు. ఎదుటివాడి మొహంలోకి అనుమానంగా చూసేవారు.

బి.ఏ. పాసయ్యాడు. ఉద్యోగం వచ్చి ఎక్కడికో వెళ్తూ, మాట ప్రకారం తాడేపల్లిగూడెంలో రైలు దిగి, ప్లాట్‌ఫారం మీదే ప్రెసిడెంటుగారిని కలిశాడు. గుమాస్తాగారు పక్కనే ఉన్నాడు. కుర్రాడు పెద్దాయన కాళ్ళకు దణ్ణం పెట్టి, "నేను పావులు జరిపానంతేనండి. గెలుపోటములు మీ వంట పిన్నిగారివి. ఆవిడనే అడగండి" అని చెప్పి, మళ్ళీ రైలెక్కాడట.

నాకు కోపం రావాలి. రాలేదు. ఇంటికి చేరిన ప్రెసిడెంటుగారు ఎన్నడూ లేనిది వంటింట్లోకి వచ్చి, నేను కూరలు తరిగే పీట మీద కూర్చున్నప్పుడు మాత్రం భయమేసింది. ఆ ఇల్లు పోతే నాకు ఇంకో ఇల్లు లేదు.

"ఏవమ్మా, వాడికి నువ్వు చెప్పేదానివటగా."

"అవునండి."

"నీకు ఆట వచ్చా?"

"రాదండి. మీరు కాఫీ తాగిన తీరు చూసి చెప్పేదాన్నండి."

ఆయన పొయ్యిలో కట్టె ఒకటి లోపలికి నెట్టారు. "అయితే నేను గెలిచినవన్నీ నువ్వు గెలిపించినవేనన్నమాట."

"అన్నీ కాదండి" అన్నాను. "ఒక్కోరోజు గెలిచి రమ్మని పంపినా ఓడి వచ్చేవాడండి. ఎంత ప్రయత్నించినా కుదరలేదు పిన్నిగారూ, పెద్దాయన ఇవాళ పట్టుబట్టారు అనేవాడు. ఆ రోజులు మీవేనండి."

"అలాంటివి ఉండేవా?"

"ఉండేవండి."

"ఉండేవన్నమాట" అన్నారు. లేచి వెళ్ళారు. ఆ పూట మజ్జిగలో కూడా అన్నం కలుపుకున్నారు. మర్నాడు గుమాస్తాగారిని పిలిచి, ఇకమీదట స్కాలర్‌షిప్పు పిల్లలకు సాయంత్రం ప్రాక్టీసు అక్కర్లేదని, కాలేజీ హాస్టలులో ఉంచమని చెప్పారు. ఆ తర్వాత వచ్చిన పిల్లలంతా బాగానే చదువుకున్నారు. ఆయనతో ఒక్కరూ ఆడలేదు. సాయంత్రాలు ఒక్కరే పలక ముందు కూర్చుని రెండు వైపులా తనే జరుపుకునేవారు. ఎవరు గెలిచినా అది నిజమైన గెలుపే కదా.

మా మేనకోడలు పెన్ను ఆపి నా మొహం చూస్తోంది, గెలవమంటే ఓడి వచ్చిన రోజులు నిజంగా ఉన్నాయా అని. అది తర్వాత అడుగుదువుగానీ అమ్మాయ్. ముందు ఆయన పీట మీద కూర్చున్న దగ్గరనుంచి చదువు. నేను చెప్పింది నిజంలాగే వినపడుతోందో లేదో చూసుకోవాలి.